నాంచారి చెక్కిన బాతుపిల్ల

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మనలాంటి ఊరు కాదురా కన్నా. చుట్టూ నీళ్ళు, మధ్యలో కాస్త మట్టి. అలాంటి ఊరిని లంక అంటారు. ఆ లంక పేరు తుంగలంక. అక్కడ పక్కింటికి నడిచి వెళ్ళొచ్చు గానీ, పక్కూరికి వెళ్ళాలంటే మాత్రం దోనె ఎక్కాల్సిందే.

దోనె అంటే తెలుసా? తాటిచెట్టు మొదలు కొట్టి, లోపలి చెత్తంతా తొలిచేస్తే పొడుగ్గా తొట్టిలాగా అవుతుంది. అందులో గొంతుక్కూర్చుని, పొడుగాటి గెడకర్ర వేసుకుంటూ నీళ్ళ మీద పోతారు.

ఆ లంకలో దోనెలు తొలిచే భద్రయ్య అని ఒకాయన ఉండేవాడు. పెద్దతనం వచ్చి చేతులు వణకడం మొదలెట్టాక, ఆయన ఉలీ బాడిసా కూతురు చేతికిచ్చాడు. ఆ కూతురి పేరు నాంచారి. చెయ్యి మంచిది. కానీ పని చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయేది. "అయ్యా, తాటిచెట్టుకి లోపలంతా పీచు, బయటంతా చేవ. మామిడిచెట్టుకి అట్లా ఉండదేం? ఎందుకని?" అనేది.

"దోనె తొలవ్వే తల్లీ, సాయంత్రానికి దాన్ని కొనుక్కున్నవాళ్ళొస్తారు" అనేవాడు భద్రయ్య.

నాంచారి తొలిచేది. కానీ ఆ 'ఎందుకని' మాత్రం నోట్లో తాంబూలంలా అట్లా నానుతూనే ఉండేది.

లంక చివర, రెల్లుగడ్డి పక్కన, చెంచమ్మ గుడిసె ఉండేది. చెంచమ్మకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నవల్లా బాతులే. పొద్దున్నే బాతుల్ని నీళ్ళలోకి తోలుకెళ్ళేది, సాయంత్రం మళ్ళీ ఇంటికి తోలుకొచ్చేది. వాటి గుడ్లే ఆమెకి కూడూ గుడ్డా.

ఆ ఏడు తొలకరికి ముందు చెంచమ్మ మంచి గుడ్లు ఏరి, ఒక పొదుగుకోడి కింద పెట్టింది. బాతుకి పొదిగే ఓపిక తక్కువ. అందుకని కోడి కింద పెడతారు. ఆ కోడి పాపం తన గుడ్లే అనుకుని కదలకుండా కూర్చుంది. కూర్చుని కూర్చుని పిల్లల్ని లేపింది. పసుపు ముద్దల్లాంటి బాతుపిల్లలు!

ఆ తర్వాత ఏమైందనుకున్నావ్? పిల్లలు కాస్త నడక నేర్చాయో లేదో, గుడిసె పక్కన ఉన్న మడుగులోకి బుడుంగున దూకేశాయి. కోడికి ఈత రాదు కదా! గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ ఒకటే గోల. "నా పిల్లలు మునిగిపోతున్నాయి, ఎవరన్నా రండర్రా" అన్నట్టు. చెంచమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

కానీ ఆ నవ్వు ఎన్నాళ్ళో ఉండలేదు.

ఒకనాడు పొద్దున పిల్లలు మడుగులో తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి నీళ్ళు గుబుక్కుమన్నాయి. చివర వెళ్తున్న పిల్ల కనపడలేదు. చెంచమ్మ నీళ్ళలోకి దిగి వెతికింది. సాయంత్రం ఆ పిల్ల గుర్రపుడెక్క ఆకుల మధ్య తేలింది. ప్రాణం లేదు. పొట్ట కింద సన్నగా పళ్ళ గాట్లున్నాయి.

"తాబేలు పనే" అన్నారు లంకవాళ్ళు.

మర్నాడు ఇంకో పిల్ల పోయింది. అదీ అట్లాగే తేలింది.

"తాబేలు కాదు, నీరుకట్టె పాము" అన్నారు.

ఆ తర్వాత ఇంకో పిల్ల పోయింది. ఈసారి ఎవరూ పాము అనలేదు. "ఆ మడుగులో ఏదో ఉంది, నీళ్ళల్లో దయ్యం చేరింది" అన్నారు. ఆ మడుగు మొదట్నుంచీ పాడుబడ్డదే. నాచూ డెక్కా అల్లుకుపోయి వల పడనిచ్చేది కాదు. అందుకని ఎవరూ అటు తొంగిచూసేవాళ్ళు కాదు. ఇప్పుడైతే దాని పక్కన నడవడం కూడా మానేశారు.

చెంచమ్మ మూడో పిల్లని ఒళ్ళో పెట్టుకుని గుడిసె ముందు కూర్చుంది. ఏడవలేదు. ఊరికే దాని ఈకలు నిమురుతూ కూర్చుంది. నాంచారి వచ్చి పక్కన చతికిలబడింది. ఆ పిల్లని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసింది.

"అత్తా, ఒక్క ముక్క కూడా తినలేదే" అంది.

"తినకపోతే ఏం, తింటే ఏం. చచ్చిపోయింది కదే" అంది చెంచమ్మ.

"అది కాదత్తా. ఆకలేసిందయితే తినాలి కదా. చంపి వదిలేసింది. ఎందుకని?"

చెంచమ్మకి కోపం వచ్చింది. "నీ ఎందుకనీ నువ్వూ! పో ఇక్కణ్ణుంచి" అంది.

నాంచారి పోలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగింది. అప్పుడు చెంచమ్మ దాని భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

ఊఁ కొడుతున్నావా, నిద్రపోతున్నావా? ఊఁ కొడుతున్నావ్. సరే.

అప్పుడు లంక పెద్ద అంకాలు అక్కడికి వచ్చాడు. మంచివాడే. కాకపోతే ఏ పనైనా తొందరగా అయిపోవాలంటాడు.

"చెంచమ్మా, ఇంక చూస్తా ఊరుకోను. వచ్చే సంతకి వెళ్ళి మందు డబ్బా తెస్తా. మడుగులో కలిపేస్తే ఏదున్నా తెల్లారేసరికి తేలుద్ది" అన్నాడు.

"మావా, మందు కలిపితే అది ఒక్కటే చస్తుందా?" అంది నాంచారి.

"ఒక్కటెందుకు చస్తుందే? కప్పలూ చేపలూ నత్తలూ అన్నీ చస్తాయి. ఏం చేస్తాం మరి!"

"నువ్వు సంత నుంచి వచ్చేలోపు నేను దాన్ని పట్టి చూపిస్తే?"

అంకాలు నవ్వాడు. "ఆ డెక్కలో వల పడదు. గాలానికి వానపాము ఎర్ర కట్టి చూశాం, చిన్న చేపలు కొరుక్కుపోయాయి. బాతుపిల్లల రుచి మరిగింది అది. పట్టాలంటే ఒక బాతుపిల్లనే గాలానికి కట్టి నీళ్ళ మీద వదలాలి. చెంచమ్మ ఇస్తుందేమో అడుగు."

ఆ మాట వినగానే చెంచమ్మ మిగిలిన పిల్లలన్నిటినీ కొంగులోకి లాక్కుంది. "మిగతావి బతకాలని ఒకదాన్ని చంపనా? నా చేత్తో నేనివ్వను" అంది.

"బతికున్నది అక్కర్లేదత్తా. నేను చేస్తా" అంది నాంచారి.

"దేంతో చేస్తావే?"

"చెక్కతో."

అంకాలు మళ్ళీ నవ్వాడు. కానీ "సరే, సంతదాకా ఆగుతా" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

అప్పుడు నాంచారి ఇంటికొచ్చి, దోనె తొలవగా మిగిలిన తాటిచెక్క ముక్క ఒకటి తీసింది. బాడిసతో చెక్కింది, ఉలితో నున్న చేసింది. తల, మెడ, బొజ్జ, బుల్లి తోక. అచ్చం బాతుపిల్లే! పెరట్లో ఉన్న నీళ్ళ గాబులో వదిలింది.

బుడుంగ్!

అడుక్కి పోయింది. రాయిలా పోయి కూర్చుంది. నాంచారి గాబులోకి తొంగిచూసింది. "తాటి దోనె తేలుతుంది, తాటి బాతు మునిగింది. ఎందుకని?" అనుకుంది. అప్పుడు తట్టింది. దోనెని తొలుస్తాం, లోపల గాలి ఉంటుంది. ఇది గట్టి చేవ ముక్క, దీని లోపల చోటేది?

అందుకని తేలికైన చెక్క కోసం బయల్దేరింది. పక్కూళ్ళో బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర పొనికి చెక్క ఉంటుంది. అది ఎంత తేలికంటే, చేతిలో పెడితే ఏదో పెట్టినట్టే ఉండదు. గోరు గుచ్చితే దిగుతుంది. ఒక ముక్క అడిగి తెచ్చుకుంది. పొనికి చెక్క మీద ఉలి వెన్నలో పోయినట్టు పోయింది. రెండో బాతుపిల్ల మొదటిదానికంటే బాగా వచ్చింది. గాబులో వదిలింది.

తేలింది! నాంచారి చప్పట్లు కొట్టబోయింది.

కానీ చూస్తూ ఉండగానే ఆ బాతు మెల్లగా పక్కకి ఒరిగింది. ఇంకా ఒరిగింది. ఒరిగి ఒరిగి వెల్లకిలా పడుకుంది. పొట్ట పైకి, తల నీళ్ళ కిందకి! చేత్తో తిప్పి నిలబెట్టింది. మళ్ళీ వెల్లకిలా. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ అదే.

"ఏమ్మా, ఎండ కాచుకుంటున్నావా?" అని దాన్ని తిట్టింది.

అరుగు మీద కూర్చున్న భద్రయ్య ఇదంతా చూస్తున్నాడు. "నాంచారీ, కొత్త దోనెలో నువ్వొక్కదానివే నిలబడితే ఏమవుద్ది?" అని అడిగాడు.

"ఊగుద్ది. బోల్తా కొడుతుంది."

"దోనె అడుగున తడి ఇసుక మూట వేస్తే?"

"ఊగదు. నిలబడుద్ది."

"మరి!" అన్నాడు భద్రయ్య. అని కళ్ళు మూసుకుని కునుకు తీశాడు.

నాంచారి గబగబా లేచి, చిరిగిపోయిన పాత వల ఒకటి తీసింది. వల నీళ్ళలో దిగాలని అంచుల్లో సీసపు గుళ్ళు కడతారు కదా. ఆ గుళ్ళు కొన్ని విప్పుకుంది. ఇంక బాతు పొట్టలో ఎక్కడ పెట్టాలి? చెక్కకి ముందే బెజ్జం పెట్టేస్తే మళ్ళీ పూడ్చడం కష్టం. అందుకని తేనెమైనం తెచ్చి, ఆ మైనంతో గుండుని పైపైన అంటించి చూసింది.

మొదట మెడ కింద అంటించింది. గాబులో వదిలితే బాతు ముక్కు నీళ్ళలో దూర్చి, తోక పైకెత్తింది. నీళ్ళలో ఉంగరం పారేసుకుని వెతుకుతున్నట్టు!

ఆ తర్వాత తోక కింద అంటించింది. ఈసారి బాతు నిటారుగా నిలబడింది. తలెత్తి మబ్బుల్ని చూస్తూ, బడిపంతులు పిలిస్తే లేచి నిలబడ్డ పిల్లాడిలాగా.

ఆ తర్వాత పొట్ట మధ్య కంటే రవ్వంత వెనక్కి అంటించింది. వదిలింది. బాతు కాసేపు ఊగింది. ఊగి, సర్దుకుని, చక్కగా కూర్చుంది. ముక్కు కాస్త పైకి, తోక నీళ్ళకి తగులుతూ. చేత్తో పక్కకి పడదోసినా మళ్ళీ లేచి కూర్చుంది. ఎన్నిసార్లు తోసినా లేచింది.

"అయ్యా, కూర్చుందయ్యా!" అని అరిచింది నాంచారి. భద్రయ్య ఉలిక్కిపడి లేచి, "ఎవరు? ఎవరు కూర్చున్నారు?" అన్నాడు.

అప్పుడు ఆ చోట గుర్తు పెట్టుకుని బెజ్జం తొలిచింది. గుళ్ళు అందులో పెట్టి, పైన చెక్క బిరడా కొట్టింది. చెక్క నీళ్ళు పీల్చకుండా, దోనె పగుళ్ళకి పూసే గుగ్గిలం నూనెలో కాచి పూసింది. అందులోనే పసుపు కలిపింది. రెండు నల్ల చుక్కలు కళ్ళు పెట్టింది. ఆరబెట్టింది.

దారం కట్టి గాబులో లాగి చూసింది. మెత్తగా, చప్పుడు లేకుండా జారిపోయింది. నాంచారికి నచ్చలేదు. ఏదో తక్కువైంది. ఏమిటో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే చెంచమ్మ ఇంటికెళ్ళింది. చెంచమ్మ బాతుపిల్లల్ని మడుగులోకి వదలకుండా, గుడిసె వెనక చిన్న గుంటలో వదులుతోంది. నాంచారి ఆ గుంట గట్టు మీద బోర్లా పడుకుంది. గడ్డం మట్టికి ఆనించి పిల్లల్నే చూసింది. చాలాసేపు చూసింది. చీమలు కుట్టినా లేవలేదు.

"ఏం చూస్తున్నావే అట్లా?" అంది చెంచమ్మ.

"వినత్తా" అంది నాంచారి.

ఇద్దరూ విన్నారు. పిల్ల కాళ్ళతో తోసినప్పుడల్లా దాని గుండె నీటిని నెడుతోంది. బుడుక్, బుడుక్ అని చిన్న చప్పుడు. నెమ్మదిగా వెళ్ళినా బుడుక్. తిరిగినా బుడుక్.

నాంచారి అక్కడే ఉలి తీసి, చెక్కబాతు గుండె దగ్గర గరిటె గుంటలాగా కాస్త తొలిచింది. తొలిచినచోట మళ్ళీ గుగ్గిలం రాసింది. ఆరాక గుంటలో వదిలి దారం చిన్నగా కుదిపింది.

బుడుక్. బుడుక్. కాస్త ఇటు, కాస్త అటు. తోకూపుకుంటూ నడిచింది!

అప్పుడొక వింత జరిగింది. అవతలి ఒడ్డున ఉన్న బాతుపిల్లలు తలలెత్తి చూశాయి. చూసి, కీచు కీచుమంటూ ఆ చెక్కబాతు వెనకాల బారు కట్టాయి. నాంచారి దారం ఎటు లాగితే అటు, చెక్కబాతు ముందు, పిల్లలు వెనక. గట్టు మీద కోడి అది చూసి ఇంకా గోల పెట్టింది. తనకి తెలియని పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందా అని!

చెంచమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. ఫక్కున నవ్వేసింది. ఇన్నాళ్ళకి నవ్వింది.

"ఇంక ఎప్పుడెళ్దామే?" అంది.

"సంత రేపే కదా. రేపు పొద్దున్నే" అంది నాంచారి.

తెల్లారింది. అంకాలు సంతకి బయల్దేరి వెళ్ళాడు. ఇటు వీళ్ళిద్దరూ దోనె మడుగులోకి దించారు. వెనక చెంచమ్మ గెడ పట్టుకుంది. ముందు నాంచారి, చేతిలో వెదురు కర్ర, కర్రకి గట్టి దారం, దారం చివర చెక్కబాతు. దాని తోక కింద పెద్ద గాలం కొక్కెం. నాచు తగలకుండా కొక్కెం మొన పైకి తిప్పి కట్టింది. చెంచమ్మ కాళ్ళ దగ్గర కొడవలి పెట్టుకుంది. ఏం వచ్చినా వదలనని.

మొదట మడుగు మధ్యలో విసిరింది. బుడుక్, బుడుక్. ఏమీ రాలేదు. తూనీగలు తప్ప ఇంకేం లేవు.

ఆ తర్వాత రెల్లు అంచున విసిరింది. బుడుక్, బుడుక్. ఒక చిన్న కప్ప చూసి పారిపోయింది. అంతే.

ఆ తర్వాత మూలన కలువాకుల పక్కకి విసిరింది. చెక్కబాతు రెండు అడుగులు నడిచిందో లేదో, దాని వెనక నీళ్ళు ఉబ్బాయి. దుప్పటి కింద పిల్లి నడిచినట్టు, నీళ్ళ కింద ఏదో వస్తోంది. చెంచమ్మ గెడ గట్టిగా పట్టుకుంది.

ధన్!

చెక్కబాతు గాల్లోకి ఎగిరింది. ఎగిరి, దూరంగా పడింది. నీళ్ళు చెదిరిపోయాయి. దారం మాత్రం వదులుగానే ఉంది.

"తప్పిపోయిందే" అంది చెంచమ్మ.

"తప్పిపోలేదత్తా. అది కరవలా. తలతో గుద్దింది" అంది నాంచారి. బాతుని లాక్కుని చూసింది. పంటి గాటు లేదు. "గుద్ది పంపేసింది. మధ్యలో వేస్తే రాలా, రెల్లు దగ్గర వేస్తే రాలా. ఈ మూలకి వస్తేనే గుద్దింది. ఇక్కడేముంది? ఎందుకని?"

"నాకు తెలవదు. మళ్ళీ వెయ్యి" అంది చెంచమ్మ.

నాంచారి మళ్ళీ అక్కడే వేసింది. ఈసారి లాగలేదు. కదపకుండా అట్లాగే వదిలేసింది. చెక్కబాతు కలువాకుల పక్కన ఊగుతూ కూర్చుంది. పోకుండా మొండిగా కూర్చుంది. నీళ్ళు ఉబ్బాయి, ఆగాయి. మళ్ళీ ఉబ్బాయి, ఆగాయి. అప్పుడు నాంచారి దారం ఒక్కసారి, ఒక్కసారే, చిన్నగా తట్టింది.

బుడుక్.

నీళ్ళు బద్దలయ్యాయి! చెక్కబాతు లేదు. వెదురు కర్ర విల్లులా వంగింది. దోనె గిర్రున తిరిగింది. "పట్టుకో, పట్టుకో" అని చెంచమ్మ, "గెడ వెయ్యి, గెడ వెయ్యి" అని నాంచారి. అది ఒకసారి డెక్కలోకి దూరింది. ఒకసారి దోనె కిందకి దూరింది. ఒకసారి నీళ్ళపైకి ఎగిరి తల విదిలించింది. అప్పుడు చూశారు దాన్ని. పాము తలలాంటి తల, చెయ్యంత పొడుగు, నల్లటి ఒళ్ళు.

"కొరమీను!" అంది నాంచారి.

చివరికి అది అలిసింది. దగ్గరికి లాగి, ఇద్దరూ కలిసి దోనెలోకి ఎత్తారు. దోనె అడుగున పడి కొట్టుకుంది. కొరమీను నీళ్ళ బయట కూడా కాసేపు బతుకుతుందిలే. నోరు తెరిచి మూస్తూ, వాళ్ళిద్దర్నీ చూసింది.

చెంచమ్మ కొడవలి తీసింది. "నా పిల్లలు నిన్నేం చేశాయే? బుజ్జిముండలు, నీకేం అపకారం చేశాయి?" అంది. చెయ్యి పైకెత్తింది.

"అత్తా, ఆగు. అటు చూడు" అంది నాంచారి.

కలువాకుల పక్కన, సరిగ్గా చెక్కబాతు కూర్చున్న చోట, నీళ్ళు ఎర్రబడుతున్నాయి. ఎవరో కుంకుమ చల్లినట్టు. ఆ ఎరుపు కదులుతోంది. ముద్దగా చేరుతోంది, విడిపోతోంది, మళ్ళీ చేరుతోంది. చెంచమ్మ వంగి చూసింది. చేపపిల్లలు! గింజంత గింజంత ఎర్రటి పిల్లలు. వందలు, వందలు. పైకి వచ్చి గాలి పీల్చి, కిందకి పోయి, మళ్ళీ పైకి వస్తున్నాయి. ఎటు పోవాలో తెలియనట్టు అక్కడక్కడే తిరుగుతున్నాయి.

"కొరమీను పిల్లలత్తా" అంది నాంచారి మెల్లగా. "చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయని అయ్య చెప్పేవాడు. ఇవి పెద్దయ్యేదాకా దగ్గరికి దేన్నీ రానివ్వదంట. అందుకే కొట్టింది. తినడానికి కాదు."

అంతలో ఒక జెల్లచేప ఎక్కణ్ణుంచో వచ్చి ఆ ఎర్ర ముద్దలోకి దూరింది. గబుక్కున మింగి పోయింది. పిల్లలు చెదిరిపోయాయి. మళ్ళీ దగ్గరికి చేరాయి. మళ్ళీ జెల్ల వచ్చింది. ఈసారి దాన్ని కొట్టేవాళ్ళు ఎవరూ లేరు.

దోనెలో కొరమీను తోకతో ఒకసారి కొట్టుకుంది.

చెంచమ్మ చెయ్యి అట్లాగే పైన ఉండిపోయింది. పోయినవి చెంచమ్మ పిల్లలు. ఆ బాధ చెంచమ్మది.

అప్పుడు చెంచమ్మ కొడవలి కింద పెట్టేసింది.

"కొక్కెం తియ్యి నాంచారీ" అంది.

నాంచారి దవడ చిరగకుండా మెల్లగా కొక్కెం తీసింది. చెంచమ్మ రెండు చేతులతో ఆ చేపని ఎత్తుకుంది. బరువుగా, జారిపోతూ ఉంది. దాని మొహంలోకి చూసింది.

"నా పిల్లల్ని చంపావు. నేను మర్చిపోను" అంది. "కానీ నీ పిల్లల్ని నేను చంపను. పో."

నీళ్ళలో వదిలింది. చేప కాసేపు కదల్లేదు. ఆ తర్వాత మెల్లగా తోక ఆడించి, కలువాకుల కిందకి పోయింది. ఎర్ర ముద్ద ఒక్కసారిగా అటు తిరిగింది. దాని మీదకి, దాని చుట్టూ, దాని వెనకాల చేరింది. అన్నీ కలిసి కిందకి దిగిపోయాయి. నీళ్ళు మళ్ళీ మామూలు నీళ్ళయ్యాయి.

చెంచమ్మ దోనెలో కూర్చుని, తడి చేతులు అట్లాగే చూసుకుంది.

మధ్యాహ్నం అంకాలు సంత నుంచి వచ్చాడు. చేతిలో మందు డబ్బా ఉంది. "పట్టావా నాంచారీ?" అన్నాడు.

"పట్టాం."

"ఏది మరి?"

"వదిలేశాం" అంది చెంచమ్మ.

అంకాలు నెత్తి కొట్టుకున్నాడు. "పట్టింది వదిలేశారా! మీ ఇద్దరికీ మతి పోయిందా? జరగండి, మందు పోసేస్తా" అన్నాడు.

చెంచమ్మ మడుగు గట్టుకి అడ్డంగా నిలబడింది. "ముందు దోనె ఎక్కు అన్నా. ఒక్కసారి చూడు. చూశాక పోయాలనిపిస్తే పొయ్యి, నేను అడ్డం రాను" అంది.

అంకాలు గొణుక్కుంటూ ఎక్కాడు. కలువాకులకి కాస్త దూరంలో దోనె ఆపారు. కాసేపటికి నీళ్ళు ఎర్రబడ్డాయి. అంకాలు ముందుకి వంగాడు. నీళ్ళ మీద పెరిగినవాడు కదా, చూడగానే పోల్చుకున్నాడు.

"ఓరినీ! ఇన్ని కొరమీను పిల్లలే!" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు, అవి బెదురుతాయేమోనని. "ఈ మడుగు పాడుబడిందని ఎవరం చూళ్ళేదు. వచ్చే ఏటికి మన పులుసు కుండలన్నీ నింపేవి ఇవే కదే!"

చేతిలో ఉన్న డబ్బా వంక చూసుకున్నాడు. దాన్ని కాళ్ళ వెనక్కి జరిపేశాడు, ఆ పిల్లలు చూస్తాయేమో అన్నట్టు.

"మరి చెంచమ్మ బాతుల సంగతేంటి మావా?" అంది నాంచారి.

"అదే ఆలోచిస్తున్నా" అన్నాడు అంకాలు. తొందరపడే మనిషి, ఈసారి మాత్రం తొందరపడలేదు.

ఆ తర్వాత అంకాలు మందు డబ్బాని కొన్న కొట్లోనే తిరిగి ఇచ్చేసి వచ్చాడు. వచ్చి, లంకలో మగవాళ్ళని పిలిచి రెల్లు కోయించాడు. ఆడవాళ్ళు దానితో తడికలు అల్లారు. భద్రయ్య వణికే చేతులతోనే గుంజలకి మొనలు చెక్కాడు. మడుగు మూలకి అడ్డంగా తడిక పాతారు. తడికకి అటు కొరమీనూ దాని పిల్లలూ. ఇటు చెంచమ్మ బాతుపిల్లలు. వాటి దారి వాటిది, వీటి దారి వీటిది. ఆ రోజు నుంచి ఒక్క బాతుపిల్ల కూడా పోలేదు.

చెక్కబాతు ఏమైందంటావా? దానికి నాంచారి కొక్కెం పీకేసింది. పొద్దున్నే చెంచమ్మ దాన్ని దారంతో లాగితే చాలు, పిల్లలన్నీ దాని వెనకాలే బారు కట్టి నీళ్ళలోకి వచ్చేవి. సాయంత్రం లాగితే ఇంటికొచ్చేవి. ఇంక కర్ర పట్టుకుని తోలే పనే లేదు.

వానలు కురిశాయి. మడుగు నిండింది. ఎర్రటి చేపపిల్లలు నల్లబడ్డాయి. నల్లబడి, ఒకటొకటిగా తల్లిని వదిలి, కాలువల్లోకి పోయాయి. పసుపు బాతుపిల్లలు తెల్లబడ్డాయి. తెల్లబడి, రెక్కలు విదిలించి, క్వాక్ క్వాక్ అనడం నేర్చాయి.

అప్పుడు ఒకరోజు పొద్దున అంకాలు వచ్చి, "ఇంక తడిక అక్కర్లేదు చెంచమ్మా" అని తడిక పీకేశాడు.

చెంచమ్మ దోనె ఎక్కింది. బాతులు వెనకాలే వచ్చాయి. మడుగు మధ్య దాటారు. రెల్లు దాటారు. కలువాకుల మూలకి వచ్చారు. చెంచమ్మ గెడ పట్టుకున్న చేతులు బిగుసుకున్నాయి. ఆకుల కింద నీళ్ళు ఒకసారి ఉబ్బాయి. ఉబ్బి, పక్కకి జరిగాయి. ఏదో పెద్ద చేప దారి ఇచ్చి పోయినట్టు.

బాతులు ఆ మూల దాటేశాయి. అవతల పెద్ద నీళ్ళలోకి, ఎండలోకి పోయాయి.

చెంచమ్మ దోనె ఆపి, వాటిని లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు గెడ దోనెలో పడుకోబెట్టి, కాళ్ళు చాపుకుని, ఆ నీళ్ళ మధ్యలో హాయిగా కూర్చుంది.

అదీ కథ. ఇంక దుప్పటి కప్పుకో. కళ్ళు మూసుకో. నాతో పాటు అను.

బుడుకు బుడుకు బాతమ్మ నీటికి,
కొరమీను పిల్లలు కాలవ దారికి,
తొలిచిన దోనె తుంగల రేవుకి,
చెప్పిన కథేమో చక్కా కంచికి,
విన్న మనమేమో వెచ్చగ ఇంటికి,
కన్నయ్య కళ్ళేమో కమ్మని నిద్దరకి!